కలియుగ భీముడు కోడి రామమూర్తి నాయుడు

ఎండాకాలం వచ్చిందంటే చిత్తూరు, తిరుపతి ప్రాంతపు పల్లెల్లో ధర్మరాజుల గుడి ముందు భారతం మొదలవుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. బకాసుర వధ నాడు భీముడి వేషగాడు అన్నపు బండి మీద ఊరంతా తిరుగుతాడు. చివరి రోజున మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ చుట్టూ గద పట్టుకుని ఆయనే చిందులు వేస్తాడు. ద్వాపర యుగపు భీముణ్ణి ఇంత బాగా ఎరిగిన మన పల్లెవాసులు, కలియుగ భీముడని బిరుదు పొందిన ఒక తెలుగువాని జీవితాన్ని కూడా తెలుసుకోవలసి ఉంది. ఆయన పేరు కోడి రామమూర్తి నాయుడు. గుండెల మీద ఏనుగును నిలిపిన మల్లుడిగా దేశమంతా ఆయనను ఎరుగుదురు.

ఆయన కథను ఇప్పుడు గుర్తు చేసుకోవడానికి ఒక కారణం ఉంది. మిద్దెల మీద, పశువుల కొట్టాల పక్కన, పాత రైసుమిల్లు వసారాల్లో ఇనుప కడ్డీలు, బరువు బిళ్ళలు పెట్టుకుని కసరత్తు చేసే కుర్రాళ్ళు ఈనాడు పల్లెల్లోనూ కనబడుతున్నారు. ఇది మంచి పరిణామమే. అయితే ఏ బరువుతో మొదలుపెట్టాలి, ఎటువంటి కడ్డీ కొనాలి అన్న విషయంలో చాలామందికి తెలిసినవారి సలహా దొరకడం లేదు. తోటివాడు ఎత్తాడు కదా అని తనకు మించిన బరువు మీదికి తెచ్చుకుంటే నడుము పట్టేస్తుంది, లేదా మణికట్టు విరిగి పుత్తూరు కట్టుకు పోవలసి వస్తుంది. రామమూర్తి జీవితంలో ఇందుకు తగిన పాఠం ఉంది.

వీరఘట్టం నుంచి విజయనగరం

రామమూర్తి 1882లో వీరఘట్టంలో జన్మించారు. ఆనాటి గంజాం, విశాఖ సీమల్లో, ఆ తరువాత శ్రీకాకుళం జిల్లాలో పేరున్న ఊరు అది. 2022లో జిల్లాల విభజన తరువాత పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. తండ్రి వెంకన్న నాయుడు. తల్లి చిన్నతనంలోనే గతించడంతో తండ్రి గారాబంగా పెంచారు. చదువు మీద కంటే చెరువు గట్టున దండీలు, బస్కీలు తీయడం మీదనే పిల్లవాడికి ధ్యాస ఎక్కువ. తెల్లవారకముందే లేచి ఊరి చెరువు దగ్గరకు పోయి కసరత్తు చేసేవాడని ఆ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

కొడుకు అల్లరి మాన్పించి దారిలో పెట్టడానికి తండ్రి అతనిని విజయనగరంలో ఉన్న తన తమ్ముడు నారాయణస్వామి ఇంటికి పంపారు. ఆ పినతండ్రి పోలీసు శాఖలో ఉద్యోగి. విజయనగరం అంటే ఆనాడు విద్యకు, సంగీతానికి, కుస్తీకి మూడింటికీ నిలయం. సంస్థానం నీడలో వస్తాదులు, తాలింఖానాలు వర్ధిల్లిన ఊరు. పిల్లవాడు బడిలో చేరాడు కాని, పినతండ్రి అతని మనసు ఎటు ఉన్నదో గ్రహించి వ్యాయామశాలకు కూడా పంపించారు. తెలివైన పెద్దవారు చేసే పని అది. పిల్లవాడి ఒంట్లో ఉన్న ఉరవడిని అణచకుండా ఒక క్రమంలో పెట్టారు.

ఆనాటి బరువులు

ఆ రోజుల్లో తాలింఖానాలో ఏమేమి ఉండేవో ఈ తరం వారికి తెలియకపోవచ్చు. మెత్తటి ఎర్రమట్టి పోసిన గోదా ఉండేది. తిప్పడానికి గదలు, కర్లాకట్టలు ఉండేవి. మన జిల్లాలో తమిళ సీమను ఆనుకుని ఉన్న ఊళ్ళవారికి కర్లాకట్ట కొత్తది కాదు. పిడి దగ్గర సన్నగా, చివర లావుగా ఉండే కొయ్య అది. భుజం చుట్టూ తిప్పుతుంటే బరువంతా చివరకు పోయి లాగుతుంది. అందువల్ల చిన్న కట్ట కూడా పెద్ద పని చేయిస్తుంది.

ఉత్తరాంధ్రలో మరొకటి ఉండేది. దాన్ని సంగిడి అంటారు. గట్టి కర్రకు రెండు చివరలా గుండ్రటి రాళ్ళు తొడిగితే అదే సంగిడి. నేటి ఇనుప కడ్డీకి, బిళ్ళలకు అది తాతవంటిది. సంక్రాంతి పండుగలకు శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో సంగిడి ఎత్తే పోటీలు నేటికీ జరుగుతున్నాయి. మన రాయలసీమలో పరుషలప్పుడు, ఉగాది నాడు గుండు ఎత్తడం, బండి ఇరుసు ఎత్తడం పోటీగా పెడతారు. ఇరుసు కూడా ఒక కడ్డీయే. మన తాతలు బజారుకు పోయి కొనలేదు కాని, బరువు ఎత్తే కడ్డీ వారికి తెలియనిది కాదు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. తాలింఖానాలో చేరిన పిల్లవాడికి వస్తాదు మొదటి రోజే పెద్ద గద ఇవ్వడు. ముందు దండీలు, బస్కీలు. తరువాత తేలిక కట్ట. అది చేతికి ఆడిన తరువాతనే దానికంటే బరువైనది. రామమూర్తి కూడా ఈ మెట్ల మీదుగానే పైకి వచ్చారు. ఇరవై ఒకటో ఏట ఆయన రొమ్ము మీద టన్నున్నర బరువు నిలిపేవారని, తరువాత దానిని మూడు టన్నుల దాకా పెంచారని చెబుతారు. టన్నున్నర నుంచి మూడు టన్నులకు పోవడానికి ఏళ్ళు పట్టింది. అంతకు ముందు టన్నున్నర దాకా రావడానికి బాల్యమంతా పట్టింది. ఈ లెక్క మరిచిపోతే ఆయన జీవితం గారడీలాగా కనబడుతుంది.

సైదాపేటలో శిక్షణ

వ్యాయామ ఉపాధ్యాయుడిగా అర్హత పొందడానికి రామమూర్తి మద్రాసు వెళ్ళి సైదాపేటలో శిక్షణ పొందారు. ఆనాడు తిరుపతి, చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. మన చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. మద్రాసు రాజధాని అంతటికీ చదువులకు, ఉద్యోగాలకు దారి మద్రాసే. శిక్షణ ముగించుకుని తిరిగి వచ్చి విజయనగరంలో తాను చదివిన ఉన్నత పాఠశాలలోనే వ్యాయామ ఉపాధ్యాయులుగా చేరారు. పిల్లలకు డ్రిల్లు నేర్పుతూ తన సాధన తాను చేసుకునేవారు.

ఉపాధ్యాయుడిగా పనిచేయడం ఆయనకు మేలే చేసింది. ఒకే తరగతిలో బక్క పిల్లవాడు, దిట్టమైన పిల్లవాడు ఇద్దరూ ఉంటారు. ఇద్దరికీ ఒకే బరువు ఇస్తే ఒకడికి దెబ్బ, ఇంకొకడికి విసుగు. ఎవరి శక్తిని బట్టి వారికి ఇవ్వడం ఉపాధ్యాయుడి మొదటి పని. కసరత్తు నేర్పే పంతులుకు ఇది తెలియకపోతే బడిలో రోజూ ఎవడో ఒకడు కుంటుతూ ఇంటికి పోతాడు.

శాండో బనియన్ వెనుక కథ

సరిగ్గా ఆ కాలంలోనే పడమటి దేశాల నుంచి మరొక గాలి వీచింది. మనవాళ్ళు కయ్యలో పనికి పోయేటప్పుడు వేసుకునే చేతుల్లేని బనియన్‌ను శాండో బనియన్ అంటాము. శాండో అన్నది ఒక మనిషి పేరు. యూజెన్ శాండో 1867లో ఆనాటి ప్రష్యాలో జన్మించిన మల్లుడు. లండన్‌లో స్థిరపడి ప్రపంచమంతా తిరిగి కండల ప్రదర్శనలు ఇచ్చాడు. 1901లో లండన్‌లోని ఆల్బర్ట్ హాలులో దేహదారుఢ్య పోటీ జరిపించాడు. 1904, 1905 సంవత్సరాల్లో మన దేశంలోనూ పర్యటించాడు.

శాండో చేసిన గొప్ప పని ప్రదర్శన ఇవ్వడం ఒక్కటే కాదు. ఇంట్లోనే కసరత్తు చేసుకోవచ్చునని గుమాస్తాలకు, దుకాణదారులకు నచ్చజెప్పాడు. తేలిక డంబెల్సు తయారుచేయించి, పుస్తకాలతో పాటు అమ్మించాడు. అంతటి మల్లుడు జనానికి అమ్మినవి పెద్ద బరువులు కావు. చేతిలో పట్టుకుని స్ప్రింగును నొక్కుతూ ఆడించే చిన్న డంబెల్సు. ప్రదర్శనలో ఎత్తే బరువు వేరు, ఒంటిని పెంచే బరువు వేరు అని అతనికి తెలుసు.

తరువాతి కాలంలో రామమూర్తిని జనం ఇండియన్ శాండో అని, ఇండియన్ హెర్క్యులిస్ అని పిలిచారు. అయితే ఆయన నమ్ముకున్నది మన దేశపు పద్ధతినే. దండీలు, బస్కీలు, ప్రాణాయామం ఆయన సాధనకు పునాదులు. ఊపిరిని కట్టడి చేసి రొమ్మును గట్టిపరచుకోవడంలో ఆయనకు సాటి లేరని చెప్పుకునేవారు. ఆంజనేయ స్వామిని కొలిచేవారు. శాకాహారి. మాంసం తినకుంటే బలం రాదని నమ్మేవారికి ఆయన ఒళ్ళే సమాధానంగా నిలిచింది.

సర్కస్ డేరాలో

ఉపాధ్యాయ వృత్తిలో కొంతకాలం గడిపిన తరువాత పొట్టి పంతులు అనే మిత్రుడి ప్రోత్సాహంతో రామమూర్తి సర్కస్ కంపెనీ పెట్టారు. తుని రాజావారు అండగా నిలిచారని చెబుతారు. ఆ కంపెనీ తెలుగు జిల్లాలు దాటి మద్రాసు, పూనా, కలకత్తా, రంగూను దాకా పోయింది. ఉత్తరాదిన ఆయనను ప్రొఫెసర్ రామమూర్తి అని పిలిచేవారు.

ఆయన అంశాలు నాలుగైదు ముఖ్యమైనవి. ఒంటికి ఇనుప గొలుసు చుట్టించుకుని ఊపిరి పీల్చి కండలు పొంగించి తెంచడం ఒకటి. రెండు భుజాలకు రెండు తాళ్ళు కట్టి, చెరొక మోటారు కారుకు తగిలించి, కార్లు ఎదురెదురు దిక్కులకు లాగుతుంటే కదలకుండా నిలబడటం ఒకటి. రాతి బండను రొమ్ము మీద పెట్టించుకుని సుత్తితో పగలగొట్టించడం ఒకటి. అన్నిటికంటే జనాన్ని నోరు వెళ్ళబెట్టించినది ఏనుగు. రామమూర్తి వెల్లకిలా పడుకునేవారు. రొమ్ము మీద చెక్క పలక వేసేవారు. దాని మీదికి ఏనుగు ఎక్కేది. వైస్రాయి లార్డ్ మింటో తానే కారు నడిపి పరీక్షించి ఆశ్చర్యపోయాడన్న కథ కూడా ప్రచారంలో ఉంది.

ఈ అంశాలు ఎలా సాధ్యమో పల్లె కుర్రాళ్ళు తెలుసుకోవడం మంచిది. ఏనుగు కాలు నేరుగా రొమ్ము మీద పడితే ఎంతటి మల్లుడికైనా పక్కటెముకలు పిండి అవుతాయి. వెడల్పాటి పలక ఆ బరువును రొమ్ము అంతటా పరుస్తుంది. పలక చివరలు నేలకు ఆనితే కొంత బరువు నేల కూడా పంచుకుంటుంది. బురదలో మనిషి నిలబడితే దిగిపోతాడు, పలక వేసుకుని నిలబడితే దిగడు. ఇదీ అంతే. కార్ల విషయంలో రెండూ ఒకదాన్నొకటి లాగుతున్నప్పుడు నడుమ ఉన్న మనిషి ఒకవైపు పడిపోడు. కాని ఆ లాగుడంతా అతని భుజాలు, వెన్ను భరించాలి. ఆనాటి కార్లకు నేటి వాటంత శక్తి కూడా లేదు. ఇంత చెప్పుకున్నా రామమూర్తి గొప్పదనం తగ్గదు. పలక వేసినా, తాళ్ళు కట్టినా, దాని కింద నిలిచే ఒళ్ళు మాత్రం ఏళ్ళ తరబడి తయారు చేసుకున్నదే. పలక అందరికీ దొరుకుతుంది, ఆ రొమ్ము దొరకదు. అందువల్ల ట్రాక్టరు పొట్ట మీద నుంచి నడిపించుకోవడం, బండలు పగలగొట్టించుకోవడం వంటివి చూసి వచ్చి ఊళ్ళో ప్రయత్నించరాదు.

దేశానికి వచ్చిన ధైర్యం

అది స్వదేశీ ఉద్యమం సాగుతున్న కాలం. భారతీయులు బలహీనులని, పాలించబడటానికే పుట్టారని తెల్లదొరల్లో చాలామంది అనుకునేవారు. మనవారిలో కొందరు అది నిజమేనని నమ్మేవారు కూడా. అటువంటి సమయంలో ధోవతి కట్టే ఒక తెలుగువాడు డేరా నడుమ నిలిచి కార్లను ఆపుతుంటే చూసినవారికి కలిగిన ధైర్యం ఇంతంత కాదు. పండిత మదనమోహన మాలవ్యా వంటి నాయకులు ఆయనను ఆదరించారు.

బెంగాలులో ఆయన ప్రభావం గట్టిగా పడింది. భీమ్ భవాని అని పేరు పొందిన బెంగాలీ మల్లుడు భవేంద్ర మోహన్ సాహా యువకుడిగా ఉన్నప్పుడు రామమూర్తి సర్కస్‌లో చేరి, ఆయన వెంట తిరిగి, ఏనుగును మోసే విద్య నేర్చుకున్నాడు. 1922లో చిన్న వయసులోనే చనిపోయాడు. వీరఘట్టపు కుర్రవాడి దగ్గర కలకత్తా కుర్రవాడు శిష్యరికం చేయడం తెలుగువారు గర్వించదగినది.

రామమూర్తి విదేశాలకు కూడా వెళ్ళారు. లండన్‌లో అయిదవ జార్జి చక్రవర్తి, మేరీ రాణి ఆయన ప్రదర్శన చూసి మెచ్చుకుని ఇండియన్ హెర్క్యులిస్ బిరుదు ఇచ్చారని చెబుతారు. స్పెయిన్‌లో ఎద్దుతో పోరాడి దాని కొమ్ములు పట్టుకుని ఆపారన్నది మరో కథ. రంగూనులో అసూయ పడినవారు ఆయన మీద హత్యాయత్నం చేశారని కూడా అంటారు. మన దేశంలో కలియుగ భీమ, మల్ల మార్తాండ, జగదేక వీర వంటి బిరుదులు వచ్చాయి. వాటిలో కలియుగ భీమ అన్నదే జనం నోట నిలిచింది.

సంపాదన, దానం, చివరి రోజులు

సర్కస్‌లో రామమూర్తి విస్తారంగా సంపాదించారు. సంపాదించినది అంతే విస్తారంగా ఇచ్చివేశారు. విద్యాసంస్థలకు, దేశసేవకు, ఆపదలో ఉన్నవారికి చేయి చాచినంత ఇచ్చారు. కూడబెట్టే అలవాటు లేదు. ఒంటి బలం మీద బ్రతికే మనిషికి ఒళ్ళు చెడితే ఆధారం ఉండదన్న సంగతి ఆయన విషయంలోనూ నిజమయింది.

కాలికి పుట్టిన కురుపు ముదిరి, చివరకు కాలు తీసివేయవలసి వచ్చింది. ఆ శస్త్రచికిత్సకు మత్తుమందు కూడా వద్దన్నారని, ప్రాణాయామంతో బాధను ఓర్చుకున్నారని చెప్పుకుంటారు. ఏనుగును మోసిన మనిషి కర్ర ఊతంతో నడవవలసిన స్థితి వచ్చింది. డేరా మూతపడింది. ఒరిస్సాలోని బలంగీర్ ప్రాంతంలో సంస్థానాధీశుని ఆశ్రయంలో చివరి రోజులు గడిపి, 1942 జనవరిలో అక్కడే కన్నుమూశారు.

విశాఖపట్నం సముద్రతీరంలో ఆయన విగ్రహం ఉంది. శ్రీకాకుళంలోని క్రీడా మైదానానికి ఆయన పేరు పెట్టారు.

ఆయన తరువాత

రామమూర్తి తిరిగిన నేల ఊరికే పోలేదు. సంగిడి రాళ్ళ స్థానంలో ఇనుప కడ్డీలు వచ్చాయి. విజయనగరం జిల్లా నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడ అనే చిన్న ఊరు బరువులెత్తే ఆడపిల్లలకు పేరు పొందింది. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల తరగతిలో రెండు ఎత్తులూ కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం గెలిచారు. ఒలింపిక్స్‌లో పతకం సాధించిన మొదటి భారతీయ మహిళ ఆమె.

కృష్ణా జిల్లా గండిగుంటలో 1916లో పుట్టిన దండమూడి రాజగోపాలరావు 1948 లండన్ ఒలింపిక్స్‌లో భారతదేశం తరఫున బరువులెత్తారు. 1951లో ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడల్లో కాంస్యం పొందారు. నర్తనశాల సినిమాలో భీముడు ఆయనే. 1981లో మరణించారు. విజయవాడలో ఇండోర్ స్టేడియానికి ఆయన పేరు ఉంది. సంగిడి నుంచి ఒలింపిక్ కడ్డీ దాకా తెలుగువారు నడిచిన దారి ఇది.

ఇంట్లో కడ్డీ ఎంచుకోవడం ఎలా

ఒలింపిక్ పోటీల్లో మగవారు వాడే కడ్డీ ఒక్కటే 20 కిలోలు, 2.2 మీటర్ల పొడవు. ఆడవారిది 15 కిలోలు. అది ఇంటికి అవసరం లేదు. మామూలు పల్లె ఇంటి గదిలో అది తిరగదు కూడా. ఇంటి కోసం దుకాణాల్లో మూడు అడుగులు, నాలుగు అడుగులు, అయిదు అడుగుల కడ్డీలు దొరుకుతాయి. చేతుల కసరత్తుకు చిన్నది చాలు. నడుము, వీపు, తొడల కసరత్తు కూడా చేయాలంటే అయిదు అడుగులది మేలు. మణికట్టు నొప్పి ఉన్నవారికి వంపు తిరిగిన కడ్డీ హాయిగా ఉంటుంది. చోటు తక్కువైతే ఒక జత డంబెల్సుతో సరిపెట్టుకోవచ్చు.

కడ్డీ కొనేటప్పుడు దాని బరువు తెలుసుకోవాలి. మేస్త్రీలకు తెలిసిన లెక్క ఇక్కడ పనికొస్తుంది. ఇనుప కడ్డీ మందం ఎన్ని మిల్లీమీటర్లో ఆ సంఖ్యను అదే సంఖ్యతో గుణించి 162తో భాగిస్తే ఒక మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 25 మిల్లీమీటర్ల కడ్డీ మీటరుకు సుమారు 3.86 కిలోలు. అయిదు అడుగులంటే మీటరున్నర పైచిలుకు కాబట్టి కడ్డీ ఒక్కటే ఆరు కిలోల దాకా ఉంటుంది. అంతకంటే బాగా తక్కువ తూగితే లోపల బోలుగా ఉన్న గొట్టం అని అర్థం. గొట్టం పెద్ద బరువుకు వంగిపోతుంది.

కొనేముందు కడ్డీని చదునైన నేల మీద దొర్లించి చూడాలి. ఎగిరెగిరి దొర్లితే వంకర ఉన్నట్టు. చేయి పట్టేచోట గరుకు గీతలు ఉండాలి. నున్నగా ఉంటే చెమటకు జారుతుంది. బిళ్ళల రంధ్రం కడ్డీ మందానికి సరిపోవాలి. రంధ్రం వదులైతే బిళ్ళ ఊగి బరువు ఒకవైపు లాగుతుంది. బిళ్ళలు జారిపోకుండా రెండువైపులా బిగించే లాకులు గట్టిగా ఉండాలి. బిళ్ళ మీద రాసి ఉన్న బరువు నమ్మకుండా కాటా మీద తూచుకోవడం మంచిది. ఆడికృత్తికకు తిరుత్తణికి కావడి మోసుకుపోయేవారికి ఈ సంగతి బాగా తెలుసు. రెండు వైపులా బరువు సమంగా ఉంటేనే కావడి భుజాన నిలుస్తుంది. కడ్డీ కూడా అంతే.

బిళ్ళలు కొనేటప్పుడు చాలామంది పెద్దవే కొంటారు. ముందు కొనవలసినవి చిన్నవి. పది కిలోల నుంచి ఒకేసారి ఇరవైకి దూకలేం. కిలో, కిలోంబావు, రెండున్నర కిలోల జతలు ఉంటే మెట్టుమెట్టుగా పెంచుకోవచ్చు. కొత్తవారు ఉత్త కడ్డీతో మొదలుపెట్టడంలో చిన్నతనం ఏమీ లేదు.

సరైన బరువు ఏదో తెలుసుకోవడానికి తేలిక పరీక్ష ఉంది. ఆ బరువును ఒళ్ళు వంకర పోకుండా, విసరకుండా, పది పన్నెండు సార్లు ఎత్తగలగాలి. చివరి రెండుసార్లు కష్టంగా ఉండాలి. ఎనిమిది సార్లు కూడా ఎత్తలేకపోతే అది ఎక్కువ. పదిహేను సార్లు సునాయాసంగా ఎత్తితే అది తక్కువ. పన్నెండు సార్లు హాయిగా వచ్చినప్పుడు కిలో, రెండు కిలోలు పెంచుకోవాలి. వారానికి రెండు మూడు దినాలు చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి వారంలో కనీసం రెండు రోజులు కండల బలానికి కసరత్తు చేయమంటున్నది. నడుమ ఒక రోజు విశ్రాంతి ఉంటేనే కండ కూడుకుంటుంది.

నేల మీది బరువు ఎత్తేటప్పుడు మోకాళ్ళు వంచి, వీపు నిటారుగా ఉంచి, బరువును ఒంటికి దగ్గరగా పెట్టుకుని లేవాలి. చెనిక్కాయల మూట, బెల్లం దిమ్మెల బుట్ట ఎత్తేవారికి కూడా ఇదే పద్ధతి. ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి, దించేటప్పుడు పీల్చాలి. రామమూర్తి ఊపిరి బిగించేవారు కదా అని మనం బిగించరాదు. బరువు కింద ఊపిరి బిగిస్తే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. రక్తపోటు, గుండె జబ్బు, గిలక ఉన్నవారు డాక్టరును అడిగిన తరువాతే బరువు పట్టాలి. వెల్లకిలా పడుకుని రొమ్ము మీది నుంచి కడ్డీ ఎత్తే కసరత్తు ఒంటరిగా చేయరాదు. తోడుగా ఒకరు తల దగ్గర నిలబడాలి. పసిపిల్లలు ఆడే చోట కడ్డీ పెట్టరాదు. సిమెంటు నేల పగలకుండా గోనెపట్టలు పరుచుకోవాలి.

కడ్డీ కొనే స్తోమత లేనివారికి నీళ్ళ క్యాను ఉంది. లీటరు నీళ్ళు ఒక కిలో. అయిదు లీటర్ల పిడి ఉన్న క్యానులో రెండు లీటర్లు పోస్తే రెండు కిలోలు, నింపితే అయిదు. రోజురోజుకు గ్లాసు చొప్పున పెంచుకుంటూ పోవచ్చు. వయసు మళ్ళినవారు అర లీటరు సీసాలతో చేయవచ్చు. ఎముకలు బోలు కాకుండా ఆడవారికి, ముసలివారికి ఇది ఎంతో మేలు. గట్టి కర్రకు రెండు చివరలా సమంగా ఇసుక సంచులు కట్టుకుంటే అదే మన సంగిడి. అయితే ముడులు జారకుండా కట్టుకోవాలి.

తిండి విషయంలో పొడులు, మందుల వెంట పడనక్కరలేదు. రాగి సంగటి, ఉలవలు, పప్పు, చెనిక్కాయలు, పాలు, ఆకుకూరలు మన ఇంట్లో ఉన్నవే. అలవాటున్నవారు గుడ్డు తినవచ్చు. శాకాహారంతో రామమూర్తి సాధించినది కళ్ళ ఎదుట ఉంది. త్వరగా కండలు వస్తాయని చెప్పి అమ్మే సూదిమందులు గుండెను, కాలేయాన్ని పాడుచేస్తాయి. వాటి జోలికి పోరాదు.

వీరఘట్టం చెరువు గట్టు మీద చీకటితో లేచి బస్కీలు తీసిన పిల్లవాడికి ఆనాడు ఏనుగు సంగతి తెలియదు. అతనికి తెలిసినది ఆ రోజు చేయవలసిన లెక్క మాత్రమే. మన కుర్రాళ్ళు కడ్డీకి మొదటి బిళ్ళ తొడిగేటప్పుడు తోటివాడి కడ్డీ వంక చూడకుండా, తమ ఒళ్ళు ఎన్నిసార్లు ఎత్తగలుగుతుందో లెక్క పెట్టుకుంటే చాలు. ఆ లెక్క తప్పకుండా చేసినవాడికి వచ్చే సంక్రాంతికి ఊరి గుండు కాస్త తేలికగా అనిపిస్తుంది.